పిల్లి చెయ్యి దూరని గూడు

కిందటివారం సువార్తమ్మను గుడివాడలో ఒక వెల్డింగ్ షాపు గుమ్మంలో నిలబెట్టి వదిలేశాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. భుజాన గుడ్డసంచి, సంచిలో మధ్యాహ్నానికి కట్టుకొచ్చిన పెరుగన్నం డబ్బా. ఎదురుగా పెద్ద ఇనుప గేటు పక్కన మోకాళ్ల మీద కూర్చున్న వెల్డరు నల్ల మాస్కు పైకెత్తాడు అనుకుంది. ఎత్తింది అతను కాదు, ఆమె. చెమటతో తడిసిన ఆ మొహం ఏంజెల్‌ది. గుడివాడలో ఏదో కంపెనీ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటోందని ఎనిమిది నెలలుగా సువార్తమ్మ ఊరంతా చెప్పుకుంటున్న తన ఒక్కగానొక్క కూతురు.

ఆమె ఇంతదూరం వచ్చింది కూతురి కోసం కాదు, కోళ్ల కోసం. దివిసీమలో సముద్రానికి దగ్గరగా, ఉప్పుటేరు ఒడ్డున ఉండే చినతిప్ప వాళ్ల ఊరు. ఇరవై ఏళ్లు ఊళ్లోవాళ్ల పొలాల్లో నాట్లు వేసి మోకాళ్లు అరిగిపోయాక, మూడు పెట్టలతో మొదలుపెట్టి పదిహేను నాటుకోళ్లు చేసింది సువార్తమ్మ. ఎవరి గట్టు మీదా నిలబడకుండా, ఎవరూ పిలవకుండా తను సంపాదించుకున్న మొదటి సంపాదన అదే. మడ అడవుల్లోంచి బావురుపిల్లి ఒకటి రావడం మొదలైంది. చేపలు పట్టుకు తినాల్సిన జంతువు కోడి రుచి మరిగింది. గంపలు తోసేసింది. ఇటుకల గూట్లో పెడితే తలుపు కన్నాల్లోంచి చెయ్యి దూర్చి మెడ దొరికిన కోడిని దొరికినట్టు లాగేసింది. పదిహేనులో ఎనిమిది మిగిలాయి. బందరులో రెడీమేడ్ గూడు పద్దెనిమిది వేలన్నారు. ఆ ధరకి తనూ మొగుడు ఆనందరావూ కూడా అందులోనే కాపురం పెట్టొచ్చు అనుకుని, గుడివాడలో పాత ఇనుముతో చవగ్గా చేసిస్తారని ఎవరో చెబితే, పామర్రులో బస్సు మారి వచ్చింది.

"అమ్మా..." అంది ఏంజెల్. చేతిలో వెల్డింగ్ రాడ్డు బిగించిన హోల్డరు ఇంకా అలాగే ఉంది.

సువార్తమ్మ దగ్గరికి వెళ్లి కూతురి ముంజేయి పట్టుకుని పైకెత్తి చూసింది. మోచేతి దాకా నల్లనల్లని చిన్న మచ్చలు. వాటిని క్రిస్మస్‌కి ఇంటికి వచ్చినప్పుడే చూసింది. గుడివాడలో దోమలు ఎక్కువమ్మా అని చెబితే నమ్మి, కొబ్బరినూనె రాసింది.

"ఇవేనా దోమలు?"

ఏంజెల్ తల దించుకుంది.

"ఇదేనా నీ కంప్యూటరు?"

"బందరు ఐటీఐలో కంప్యూటర్ సీటు రాలేదమ్మా. వెల్డర్ సీటు వచ్చింది. మూడు నెలలు చూసి మానేద్దామనుకున్నా. తర్వాత మానబుద్ధి కాలేదు. నీకు చెప్పాలనే అనుకున్నా. ఎప్పటికప్పుడు నువ్వే... మా అమ్మాయి నీడపట్టున కూర్చుంటుంది, చేతికి మట్టి అంటదు అని సంతోషంగా చెబుతుంటే నోరు రాలేదు."

"మీ నాన్నకి తెలుసా?"

"కాగితాల మీద సంతకం పెట్టింది నాన్నే."

రొయ్యల చెరువు దగ్గర కాపలా కాసే ఆనందరావు, ఇంట్లో ఉప్పు అయిపోయిందన్న మాట కూడా కడుపులో దాచుకోలేని మనిషి, రెండున్నరేళ్లుగా ఇంత సంగతి ఎలా దాచాడు?

"చర్చిలో అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పానే! దేవుడు నా బిడ్డకి కంప్యూటర్ ఉద్యోగం ఇచ్చాడని చెప్పి ఏడ్చాను కూడా. పాస్టరుగారు ప్రార్థన చేశారు. ఇప్పుడు ఆ మొహంతో నేను మందిరానికి ఎలా వెళ్లనే?"

షాపు యజమాని శశిధర్ టీ గ్లాసు పక్కన పెట్టి లేచి వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి. వాళ్ల నాన్న హైస్కూల్లో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. కొడుకు ఇనుములో పడ్డాడని ఆయనకి ఇప్పటికీ కొంచెం నామోషీయే. అందుకేనేమో, తల్లీకూతుళ్ల మధ్య జరుగుతున్నది అతనికి ఎవరూ చెప్పకుండానే అర్థమైంది.

"అమ్మా, ముందు కూర్చోండి. మంచినీళ్లు తాగండి" అని స్టూలు జరిపాడు.

సువార్తమ్మ కూర్చోలేదు. అప్పుడే షాపు ముందు తెల్లకారు ఆగింది.

దిగిన మనిషి పేరు బుచ్చిబాబు. పామర్రు రోడ్డులో ఫంక్షన్ హాలు కట్టిస్తున్నాడు. ఆ పెద్ద గేటు ఆయనదే. చేతిలో కారు తాళాలు తిప్పుకుంటూ లోపలికి వచ్చి, గేటు చుట్టూ ఒకసారి తిరిగి, ఏంజెల్ చేతిలోని హోల్డరు దగ్గర ఆగిపోయాడు.

"శశీ, ఈ పిల్లెవరు? నా గేటు దగ్గర ఏం చేస్తోంది?"

"మన షాపులోనే పని చేస్తుందండీ."

"పని అంటే? ఊడవడమా, అతకడమా?"

శశిధర్ ఒక్క క్షణం తడబడ్డాడు. "పైపైన ఏవో చిన్న చిన్న అతుకులండీ. అసలు పనంతా నా చెయ్యే. మీకు తెలియందేముంది."

ఆ మాట విన్నప్పుడు ఏంజెల్ మొహం ఎలా అయిందో సువార్తమ్మ చూసింది. తల్లికి దొరికిపోయినప్పుడు కూడా ఆ పిల్ల మొహం అంత చిన్నబోలేదు. ఇది కొత్తగా విన్న మాట కాదని, అలవాటుగా మింగే మాటని ఆ దించిన కళ్లే చెప్పాయి. గేట్లు చేసేది ఈ పిల్ల, పేరు ఇంకొకరిది. ఇంటి దగ్గర చూస్తే అసలు ఆ పనికే పేరు లేదు.

"అబద్ధం ఎందుకయ్యా?" అంది సువార్తమ్మ.

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు.

"అరగంట నుంచి గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఈ గేటు అతికింది ఈ పిల్లే. నువ్వు ఆ మూల కూర్చుని టీ తాగావు. రెండో గ్లాసు కూడా తెప్పించుకున్నావు."

శశిధర్ చెవులు ఎర్రబడ్డాయి. బుచ్చిబాబు కళ్లు చిట్లించాడు. "మీరెవరమ్మా మధ్యలో?"

"కోళ్ల గూడు కొనుక్కుందామని వచ్చినదాన్ని." ఒక్క ఊపిరి తీసుకుంది. "ఈ పిల్ల తల్లిని."

ఆ మాట పైకి అన్నాక ఆమెకే వింతగా అనిపించింది. ఇంతసేపూ గుండెల మీద రాయిలా ఉన్నదేదో కాస్త పక్కకి జరిగింది.

"చూడమ్మా," అన్నాడు బుచ్చిబాబు, గొంతు తగ్గించి. "ఆడపిల్లని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ గేటు కింద రోజూ వందమంది నడుస్తారు. పెళ్లిళ్లు జరుగుతాయి, పిల్లలు పట్టుకుని ఊగుతారు. ఊడి మీద పడితే నాకు దిక్కెవరు? శశీ, ఈ అతుకులన్నీ కోసేసి మళ్లీ నువ్వు వెయ్యి. లేకపోతే నా అడ్వాన్సు నాకిచ్చెయ్యి."

శశిధర్ నోరు విప్పేలోపే ఏంజెల్ హోల్డరు కింద పెట్టింది. "సార్, కోసేముందు ఒకసారి చూడండి. గేటుని కొట్టొద్దు, సొట్ట పడితే మీకే బావుండదు. ఇదే పైపు ముక్క మీద, ఇదే రాడ్డుతో, మీ ముందే అతుకుతా. మీరే విరగ్గొట్టండి. విరిగితే మొత్తం నా ఖర్చుతో మళ్లీ చేయిస్తా."

"విరక్కపోతే?"

"విరక్కపోతే మీ గేటు మీరు తీసుకెళ్లండి."

రెండు ముక్కలు తీసి బల్ల మీద ఎదురెదురుగా పెట్టింది. అంచులు గ్రైండరుతో చెక్కింది. మాస్కు కిందికి దించబోయి ఆగి, గోడకి వేలాడుతున్న, చేత్తో పట్టుకునే నల్ల అద్దం తీసి తల్లికి ఇచ్చింది.

"ఉత్త కళ్లతో చూడకమ్మా. దీంట్లోంచి చూడు."

సువార్తమ్మ ఆ నల్ల అద్దాన్ని మొహానికి అడ్డంగా పట్టుకుంది. లోకమంతా చీకటైపోయింది. షాపు లేదు, గేటు లేదు, కారాయన లేడు. ఎక్కడో చిటపటమంది. ఆ చీకట్లో పచ్చని వెలుగు ఒకటి పుట్టింది. వెలుగు నడుమ వేరుశెనగ గింజంత కరిగిన ఇనుము, నీటిబొట్టులా కదులుతోంది. దాని వెనకే నెమ్మదిగా, తొందర లేకుండా, కొంచెం ముందుకీ కొంచెం పక్కకీ ఊగుతూ రాడ్డు నడుస్తోంది. ఎక్కడా ఆగలేదు. ఎక్కడా వణకలేదు. ఒక అడుగుకీ ఇంకో అడుగుకీ వెంట్రుకవాసి తేడా లేదు.

ఆ నడక సువార్తమ్మకి తెలుసు. మోకాలి లోతు బురదలో వంగి, వేళ్ల మధ్య నారు పట్టుకుని, గుచ్చుతూ వెనక్కి జరుగుతూ, తాడు కట్టకుండానే తాడు కట్టినట్టు వరస తీసే నడక అది. కోడూరు నుంచి మోపిదేవి దాకా సువార్తమ్మ వరస అంటే మేస్త్రీలు పేరు పెట్టి పిలిచేవాళ్లు. ఆ చెయ్యి తనతోనే అరిగిపోయిందనుకుంది. పోలేదు. ఇదుగో, ఇక్కడ ఉంది. బురదలోంచి నిప్పులోకి వచ్చిందంతే.

వెలుగు ఆరింది. ఆమె అద్దం దించలేదు. కళ్లు తుడుచుకోవడానికి కాస్త సమయం కావాలి.

ఏంజెల్ చిన్న సుత్తితో అతుకు మీది నల్ల పెచ్చు కొట్టేసింది. కింద చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి సర్దుకున్న మెరుపు బయటపడింది. ముక్కని నీళ్లలో ముంచి, ఇనుప పట్టులో బిగించి, పెద్ద సమ్మెట బుచ్చిబాబు డ్రైవరు చేతికి ఇచ్చింది.

మొదటి దెబ్బకి పైపు మోగింది. రెండో దెబ్బకి అతుకు పక్కన సొట్ట పడింది. నాలుగో దెబ్బకి పైపు నలిగి, మోచేయిలా వంగిపోయింది. డ్రైవరు రొప్పుతూ ఆగాడు. బుచ్చిబాబు వంగి, జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, అతుకు మీద గోరుతో గీకి చూశాడు. ఇనుము చితికింది. అతుకు ఎక్కడా నోరు విప్పలేదు.

కళ్లజోడు తీసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"పేరేంటమ్మా?"

"ఏంజెల్ అండీ."

"శశీ, గేటు బండెక్కించు. పెయింటు కారకుండా చూడు." గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "హాలుకి కిటికీ గ్రిల్సు ఇరవై రెండున్నాయి. ఈ అమ్మాయే చెయ్యాలి. పైపైన నీ చెయ్యి పడితే పడనీ."

కారు వెళ్లిపోయాక శశిధర్ సువార్తమ్మ ముందుకి వచ్చి నిలబడ్డాడు. "తప్పు నాదేనమ్మా. ఆడపిల్ల చేసిందంటే బేరం పోద్దేమోనని భయం. మొదట్లో ఒకటి రెండుసార్లు చెప్పాను, అదే అలవాటైపోయింది."

"నీ భయానికి నా కూతురు ఎందుకయ్యా తల దించుకోవాలి?" అంది సువార్తమ్మ. అని, పక్కనున్న స్టూలు లాక్కుని మొదటిసారి కూర్చుంది. "సరే. ఇప్పుడు నా బేరం సంగతి చూడండి. కోళ్లకి గూడు కావాలి. ఏమే, చేస్తావా?"

ఏంజెల్ నవ్వాలో ఏడవాలో తెలియక సుద్దముక్క తీసుకుని నేల మీద కూర్చుంది.

షాపు వెనక రెండు పాత ఆసుపత్రి మంచాలు పడి ఉన్నాయి. తుక్కు కింద కిలోల లెక్కన కొన్నవి. మంచాల ఇనుప కోళ్లు గట్టివి, నడుముదాకా ఎత్తు. ఒకదాని మీద ఒకటి బోర్లిస్తే సగం గూడు వచ్చినట్టే అంది ఏంజెల్.

"ఎత్తు బావుంది. నీళ్లొచ్చినా తడవవు," అంది తల్లి. "కానీ మన నేల సంగతి మర్చిపోయావా? వానొస్తే మంచం కోడు జానెడు దిగబడుద్ది."

"మంచం కోళ్ల కింద రేకు పలకలు అతుకుతా. ఏనుగు పాదంలా నిలబడుద్ది."

"జాలీ?"

"అంగుళం కన్నాలది చవకమ్మా."

"చవకైతే ఎవడిక్కావాలి? దాని చెయ్యి చూశావా నువ్వు?" మూడు వేళ్ల కొసలు దగ్గరగా ముడిచి చూపించింది. "ఇంతే ఉంటది. అంగుళంలో నిమ్మళంగా దూరుద్ది. వేలు దూరితే గోరు, గోరు దూరితే మెడ."

"అయితే అరంగుళం. ఇటు చివర కోసిన ముక్కలున్నాయి, అతికి సరిపెడతా, ధర పెరగదు. గొళ్లెం?"

"పైకెత్తితే ఊడేది వద్దు. అది మూతితో ఎత్తేసుద్ది."

"తిప్పి, లాగి, మళ్లీ తిప్పే గడియ పెడతా. మనిషి చెయ్యి తప్ప తియ్యలేదు."

"పైన రేకు వేస్తే వేసవిలో కోడి ఉడికిపోద్ది. రేకుకీ జాలీకీ మధ్య గాలి ఆడాలి. గుడ్డు పెట్టేచోట మాత్రం చీకటి ఉండాలి. వెలుతురులో పెట్ట గుడ్డు పెట్టదు, పెట్టినా కూర్చోదు."

ఏంజెల్ గీతలు గీస్తూ, చెరుపుతూ, మళ్లీ గీస్తోంది. ఇంటర్ పరీక్షలకి కూడా ఈ పిల్ల ఇంత శ్రద్ధగా రాయలేదు. శశిధర్ వంగి చూస్తూ, "ఇన్నేళ్లలో కోళ్ల గూళ్లు ఓ పాతిక చేసుంటాం. కోడి సంగతి ఎవరూ ఇంత చెప్పలేదు" అన్నాడు.

ఇనుముకి మూడువేల చిల్లర తేలింది. కూలి వద్దన్నాడు శశిధర్. సువార్తమ్మ ఒప్పుకోలేదు.

"నేను ఇరవై ఏళ్లు కూలి చేశాను. కూలి ఎగ్గొట్టి పని చేయించుకున్న పాపం నాకొద్దు. నా కూతురి రెండు రోజుల కూలి ఎంతో అది కూడా వెయ్యి."

రెండు రోజులకి, శనివారం సాయంత్రం చినతిప్పలోకి చిన్న ట్రాలీ ఆటో వచ్చింది. ముందు సీట్లో డ్రైవరు పక్కన సువార్తమ్మ. వెనక, ఎర్ర ప్రైమర్ రంగు వేసిన గూటిని ఒక చేత్తో పట్టుకుని నిలబడి ఏంజెల్. ఆనందరావు ఇంటి ముందే కూర్చుని ఉన్నాడు. భార్య దిగుతుంటే లేచి, ఎటు చూడాలో తెలియక కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"నీకు చెబితే మాన్పించేస్తావని..."

"మాన్పించేదాన్నే," అంది సువార్తమ్మ. "అదృష్టం, చెప్పలేదు. ఇంకెప్పుడైనా దాచావంటే మాత్రం ఈ గూట్లోనే పడుకోబెడతా. అటు కోడు పట్టుకో."

పెరట్లో దించేసరికి చుట్టుపక్కల ఆడవాళ్లంతా చేరారు. గడియ తిప్పి చూసేవాళ్లు, జాలీలో వేలు దూర్చబోయేవాళ్లు. బందరులో కొన్నారా అని ఒకావిడ, కాదు విజయవాడదై ఉంటుందని ఇంకొకావిడ. సువార్తమ్మ గొంతు సవరించుకుంది గానీ, ఆ పూటకి పెదవి విప్పలేదు. చెప్పాల్సినచోటు వేరే ఉంది. కోళ్లు మాత్రం చాలాసేపు కొత్త గూటి చుట్టూ తిరిగి, చెక్కమెట్టు మీద అనుమానంగా అడుగులేసి, చివరికి ఎర్రపుంజు ఎక్కాక ఒకదాని వెనక ఒకటి ఎక్కేశాయి.

ఆదివారం తెల్లారి ఏంజెల్ పెరట్లోంచి కేకేసింది. సువార్తమ్మ పరుగెత్తింది. గూటి రేకు మీద, మంచం కోళ్ల మీద, మెట్టు మీద బురద అడుగులు. ఒకటి రెండు కాదు, చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. గడియ దగ్గర ప్రైమరు గోళ్లతో గీరుకుపోయింది. జాలీ మీద తడి వెంట్రుకలు అంటుకున్నాయి. లోపల ఎనిమిది కోళ్లూ అడ్డకర్ర మీద బారుగా కూర్చుని, తెల్లారింది కదా ఇంకా తలుపు తియ్యరేం అన్నట్టు చూస్తున్నాయి. చీకటి గదిలో ఒక గుడ్డు.

సువార్తమ్మ ఆ గుడ్డు తీసి, కాసేపు చెంపకి ఆనించుకుంది. ఇంకా వెచ్చగా ఉంది. దాన్ని కూతురి అరచేతిలో పెట్టింది.

ఆ రోజు ఆరాధనలో, పాటలయ్యాక, సాక్ష్యాలు చెప్పేవాళ్లు లేవొచ్చు అన్నారు పాస్టరుగారు. సువార్తమ్మ లేచింది. కొంగు భుజం చుట్టూ కప్పుకుంది.

"పోయినసారి ఇక్కడే నిలబడి నేను చెప్పిన సాక్ష్యంలో తప్పుంది," అంది. మందిరంలో విసనకర్రలు ఆగిపోయాయి. "నా బిడ్డకి కంప్యూటర్ ఉద్యోగం లేదు. ఎప్పుడూ లేదు. నా బిడ్డ వెల్డరు. ఇనుముని నిప్పుతో అతుకుద్ది. నేను కళ్లారా చూశాను. దాని చేతులు కాలి మచ్చలు పడ్డాయి. నేను వాటిని చూసి సిగ్గుపడలేదు. నిన్న మా ఇంటికి వచ్చిన గూడు నా బిడ్డ చేసింది. నా కోళ్లు ఎనిమిదీ బతికున్నాయి. ఇది నిజమైన సాక్ష్యం. పోయినసారి చెప్పింది కొట్టేసుకోండి."

ఆడవాళ్ల వైపు చాప మీద, మూడో వరసలో, ఏంజెల్ బైబిల్లో మొహం దాచుకుంది. ఆనందరావు మగవాళ్ల వైపు నుంచి గట్టిగా "ఆమెన్" అన్నాడు. అంత గట్టిగా ఆయన గొంతు ఆ మందిరంలో ఎవరూ ఎప్పుడూ వినలేదు. వెంటనే నలువైపుల నుంచీ ఆమెన్‌లు లేచాయి.

మధ్యాహ్నం అన్నాలు తింటుండగా వాకిట్లో జీపు ఆగింది. చేతిలో ఫైలు పట్టుకుని యాభై ఏళ్లావిడ దిగింది. నుదుట కుంకుమ, చేతిలో ప్రసాదం పొట్లం.

"నమస్కారమండీ. నా పేరు ఇందిర. మండలంలో మహిళా సంఘాల పని చూస్తుంటాను. మోపిదేవిలో దర్శనం చేసుకుని వస్తుంటే మీ పాస్టరమ్మగారు ఫోన్లో ఫొటో పంపారు. కోళ్ల గూడు ఇదేనా?"

ఆవిడ గూటి చుట్టూ తిరగలేదు, కింద కూర్చుని అడుగు నుంచి చూసింది. పాదాల కింది పలకలు చూసింది. గడియ నాలుగుసార్లు తీసి వేసింది. బురద అడుగుల మీద వేలు పెట్టి కొలిచింది. లేచి చీర దులుపుకుంది.

"లంక గ్రామాల్లో కోళ్లు పెంచుకునే ఆడవాళ్లకి అరవై గూళ్లు ఇవ్వాలండీ, వానలు పడేలోపు. ఇప్పటిదాకా వచ్చినవన్నీ చూడ్డానికి బావున్నాయి, ఒక్కటీ వరదకి నిలబడేది కాదు. ఇది నిలబడుతుంది. ఒక్కటే షరతు. తయారుచేసేవాళ్లే దరఖాస్తు పెట్టుకోవాలి, మధ్యవాళ్లు కుదరదు. షాపు ఆడవాళ్ల పేరు మీద ఉంటే మాకు ఇంకా మంచిది. గడువు ఇవాళే ఆఖరు." ఫైలు తెరిచి పెన్ను తీసింది. "యజమాని పేరు ఎవరిది రాయమంటారు?"

ఏంజెల్ నోట్లో ముద్ద నోట్లోనే ఉంది. శశిధర్ పేరు చెబితే, గూడు చేసింది ఆయన కాదు గనక, కాగితం మూతపడుతుంది. చెప్పకపోతే, ఎవరూ పని ఇవ్వని రోజుల్లో తనకి హోల్డరు చేతికిచ్చిన మనిషిని పక్కకి నెట్టినట్టవుతుంది. "అండీ, షాపు..." అని మొదలుపెట్టింది.

"ఏంజెల్," అంది సువార్తమ్మ. "రాసుకోండమ్మా. యజమాని ఏంజెల్. ఊరు చినతిప్ప."

ఇందిర గారి పెన్ను కదిలింది. "చాలా సంతోషం. గురువారం ఉదయం మా కమిటీ బందరు నుంచి వచ్చి మీ షాపు చూస్తుంది. మిషన్లు, మనుషులు, అన్నీ సిద్ధంగా ఉంచండి."

జీపు మలుపు తిరిగేదాకా ముగ్గురూ కదల్లేదు.

"అమ్మా," అంది ఏంజెల్. "మనకి షాపు లేదు. మిషను లేదు. మన ఇంటికొచ్చే కరెంటుకి మిషను పెడితే వీధంతా దీపాలారిపోతాయి. శశిధర్ గారికి నేనేం చెప్పను? మధ్యలో మూడంటే మూడు రోజులున్నాయి."

సువార్తమ్మ కంచం పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని, కొంగు నడుముకి దోపింది.

"ఆయనకి చెప్పాల్సింది నేను చెబుతా. నువ్వు ముందు లేచి, కరెంటు ఎక్కడి నుంచి లాగాలో చెప్పు."